విత్తనానికి ఒక కబురు, పడవకి ఒక కబురు

రండర్రా, అందరూ ఇలా అరుగు మీదకి రండి. చిన్నాడా, ఆ చూరు కింద నుంచి ఇవతలకి జరుగు, నెత్తి తడుస్తోంది. చేటలో వేయించిన సెనగలున్నాయి, తలా గుప్పెడు తీసుకోండి. నోరు ఆడుతూ ఉంటే ప్రశ్నలు కాస్త తగ్గుతాయి, నేనూ నాలుగు మాటలు చెప్పుకోగలను.

మీ పెద్దక్క నిన్న నన్ను నిలదీసింది. "తాతయ్యా, ఎండాకాలంలోనేమో ఈ ఏడు వానలు అంతంతమాత్రం అన్నారు. ఇప్పుడేమో గోదారి పోటెత్తుతోంది, లంకల్లో వాళ్లు ఒడ్డెక్కండి అని మైకులో చెబుతున్నారు. రెండూ సర్కారు వాళ్లే కదా చెప్పింది, ఇందులో ఏది అబద్ధం?" అని. పెద్దవాళ్లయితే ఇంత దూరం కూడా అడగరు. రావిచెట్టు కింద కూర్చుని "వీళ్లు చెప్పేవన్నీ ఇంతేలే" అని తువ్వాలు దులుపుకుని పోతారు. అమ్మడు అడిగింది కాబట్టి చెబుతాను. రెండూ నిజం కావచ్చు. ఎండాకాలంలో వచ్చే కబురు విత్తనం కోసం. ఇప్పుడొచ్చిన కబురు పడవ కోసం. ఒకదాని పని రెండోదానితో చేయించబోతేనే చిక్కంతా.

2009 సంగతి చెబుతాను, వినండి. ఆ ఏడు ఏప్రిల్‌లో వాతావరణ శాఖ వాళ్లు సగటు వానలో నూటికి 96 పాళ్లు పడొచ్చన్నారు. తీరా చూస్తే దేశం మొత్తం మీద 78 పాళ్లే పడింది. 1972 తర్వాత అంత కరువు చూడలేదు. చెరువులు నెర్రెలిచ్చాయి, నాట్లు పడక నారుమళ్లు ముదిరిపోయాయి. లెక్క ప్రకారం వానాకాలం సెప్టెంబర్ 30తో అయిపోతుంది. సరిగ్గా ఆ పుస్తకం మూసేసే రోజుల్లో కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు ఆకాశం చిల్లుపడింది. అక్టోబర్ 2 నాటికి తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలు ఊరిని ముంచేశాయి. మంత్రాలయం మునిగింది. శ్రీశైలం డ్యాముకి 25 లక్షల క్యూసెక్కుల పైన, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్లొచ్చి, 885 అడుగుల దగ్గర ఆగాల్సిన మట్టం 896 దాటింది. కరువు ఏడాదీ అదే, జల ప్రళయం ఏడాదీ అదే. చూశారా!

ఇదెలా కుదురుతుందో తెలియాలంటే పెళ్లివంట దగ్గరికి వెళ్లాలి. పెళ్లికి పది రోజుల ముందు వంటమేస్త్రి వచ్చి కూర్చుంటాడు. ముహూర్తం ఎప్పుడు, ఆదివారమా, ఆ రోజే ఊళ్లో ఇంకో పెళ్లి ఉందా, మగపెళ్లివారు ఎంత దూరం నుంచి వస్తున్నారు, అన్నీ అడిగి "బాబుగారూ, ఆరొందల విస్తళ్లు లేస్తాయండి" అంటాడు. ఆ మాట మీదే మనం బియ్యం, పప్పు, కూరగాయలు తెప్పిస్తాం. అది చాలా విలువైన మాట. కానీ అదే మేస్త్రిని "మూడో బంతిలో ఎంతమంది కూర్చుంటారు?" అని అడిగితే ఏం చెబుతాడు? మధ్యాహ్నం పన్నెండున్నరకి మూడు బస్సులు ఒక్కసారి దిగి, రెండొందల మందీ ఒకే బంతికి ఎగబడితే, వడ్డించేవాళ్లు తలలు పట్టుకుంటారు. ఆ రోజు మొత్తం లెక్క చూస్తే అయిదొందల మందే వచ్చి ఉండొచ్చు. మేస్త్రి చెప్పినదానికంటే తక్కువే. అయినా ఆ ఒక్క బంతి దగ్గర మాత్రం కొంప మునిగింది. కాలం మొత్తానికి చెప్పే వాన అంచనా ఆ విస్తళ్ల లెక్క. వరదంటే ఆ మూడు బస్సులు. బస్సులు ఎక్కడిదాకా వచ్చాయో తెలియాలంటే పొలిమేరలో మనిషిని నిలబెట్టాలి. ఆ మనిషి దగ్గరికి తర్వాత వెళదాం, ముందు మేస్త్రి సంగతి చూద్దాం.

ముందుగా చెప్పుకోవాలనే ఆశ మనవాళ్లకి ఎప్పటినుంచో ఉంది. ఉగాది నాడు గుళ్లో పంచాంగ శ్రవణానికి వెళతారు కదా, సిద్ధాంతిగారు ఏం చెబుతారు? ఈ ఏడు ఇన్ని తూముల వాన, అందులో సముద్రం మీద ఇన్ని పాళ్లు, కొండల మీద ఇన్ని, నేల మీద ఇన్ని అని చదువుతారు. ఆ పాళ్లు నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. వాన ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఎక్కడ పడుతుందన్నది కూడా కావాలని మన పెద్దలకి తోచింది చూశారూ, నాకు అది భలే ముచ్చటేస్తుంది.

లెక్కలు కట్టి చెప్పడం మొదలైంది మాత్రం కరువు దెబ్బ తిన్నాకే. 1876, 77 సంవత్సరాల్లో ధాత కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా అల్లాడిపోయింది. మన రాయలసీమ మరీనూ. దానికి కాస్త ముందే, 1875లో, వాతావరణ శాఖ పెట్టారు. దాని మొదటి పెద్ద హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ అనే దొర. కరువుకి ముందే ఏదైనా గుర్తు కనబడుతుందా అని ఆయన వెతికాడు. హిమాలయాల మీద చలికాలంలో మంచు ఎక్కువ పేరుకున్న ఏడు, తర్వాత మన వానలు వెనకబడుతున్నట్టు కనిపించింది. ఆ మంచు ఆధారంగానే 1886 జూన్ 4న మొట్టమొదటి వానాకాలపు అంచనా బయటికొచ్చింది.

తర్వాత 1904లో గిల్బర్ట్ వాకర్ అని ఇంకో ఆయన వచ్చాడు. ఈయనతో కూర్చుంటే మీకు బాగా పొద్దుపోయేది. గణితంలో దిట్ట, వాతావరణం గురించి మాత్రం అప్పటికి పెద్దగా తెలియదు. విసిరితే తిరిగి మన దగ్గరికే వచ్చే బూమరాంగ్ ఉంటుంది చూడండి, దాని మీద పిచ్చి. కేంబ్రిడ్జిలో ఆయన్ని బూమరాంగ్ వాకర్ అనే పిలిచేవారు. అలాంటి ఆయన మన దేశానికి వచ్చి, వాన ఎందుకు పడుతుందో నాకు తెలియదు కాబట్టి ప్రపంచంలో ఏది దేనితో కలిసి నడుస్తోందో చూద్దాం అనుకున్నాడు. ఎక్కడెక్కడి గాలి పీడనాలు, ఎండలు, వానలు, అన్నీ తెప్పించి, గుమాస్తాలని కూర్చోబెట్టి, కాగితం మీద ఏళ్ల తరబడి లెక్కలు కట్టించాడు. అప్పట్లో కంప్యూటర్ అంటే ఆ గుమాస్తాలే! ఆ లెక్కల గుట్టలోంచి ఒక సంగతి బయటపడింది. పసిఫిక్ సముద్రం వైపు గాలి పీడనం పెరిగిన కాలంలో మన హిందూ సముద్రం వైపు తగ్గుతోంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోంది. ఇక్కడ పెరిగితే మన వానకి మంచిది కాదు. ఎందుకలా అన్నది ఆయనకి అంతుపట్టలేదు. దాని వెనక సముద్రం ఉందని 1960ల దాకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

ఆ సముద్రం కథ ఏమిటంటే, పసిఫిక్ నడుమ మామూలు ఏళ్లలో గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తూ, ఎండకి కాగిన పైనీటిని ఇండోనేషియా వైపు తోస్తుంటుంది. వేడినీరు అక్కడ పోగుపడుతుంది. దాని మీద గాలి తేమ నింపుకుని పైకి లేస్తుంది, మబ్బు కడుతుంది. కొన్నేళ్లకొకసారి ఆ గాలి నీరసపడిపోతుంది. వేడినీరు వెనక్కి, పెరూ దేశం వైపు జరుగుతుంది. మబ్బు కట్టే చోటు కూడా దాంతోపాటే జరుగుతుంది. అప్పుడు మన వైపు గాలి పైకి లేవడం తగ్గి, కిందికి దిగడం ఎక్కువవుతుంది. దిగే గాలిలో మబ్బు నిలవదు. దీన్నే ఎల్‌నినో అంటున్నారు. పెరూ జాలర్లు క్రిస్మస్ రోజుల్లో ఈ వేడినీరు రావడం చూసి బాల ఏసు పేరు పెట్టుకున్నారు. వాళ్ల వలల్లో చేపలు పడని ఏడు, ఇక్కడ మన చేలో వాన పడకపోవచ్చు. ఎక్కడి పెరూ, ఎక్కడి మన పల్లె! ధాత కరువు నాడు కూడా పసిఫిక్‌లో పెద్ద ఎల్‌నినో ఉందని తర్వాత తేలింది.

"మరి సముద్రం సంగతి అయిదు నెలల ముందు ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అంటున్నాడు చిన్నాడు. సాయంత్రం రేవుకి వెళ్లినప్పుడు కాలు పెట్టి చూశావుగా. పొద్దుగూకేసరికి ఇసుక చల్లబడిపోతుంది, నీరు మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. మహాసముద్రమైతే నెలల తరబడి ఆ వేడిని వదలదు. ఆకాశం రెండు వారాల కిందట ఎలా ఉందో మర్చిపోతుంది, సముద్రం మర్చిపోదు. అందుకే రెండు వారాలు దాటితే ఫలానా రోజు వాన పడుతుందని ఎవరూ చెప్పలేరు గానీ, ఈ కాలం మొత్తం మీద మొగ్గు ఎటు ఉందో చెప్పగలరు.

మొగ్గు అంటున్నానర్రా, ఆ మాట వదలకండి. మొగ్గుని ఖాయం అనుకున్నందుకే దెబ్బ తిన్నాం. 1988 నుంచి వసంత్ గోవారికర్ గారి బృందం తయారుచేసిన 16 గుర్తుల లెక్కతో అంచనాలు చెప్పేవారు. మంచు, గాలులు, సముద్రపు వేడి, ఇలా పదహారు. వరసగా 14 ఏళ్లు దేశానికి కరువు రాలేదు, అంచనాలూ చాలావరకు సరిపోయినట్టే కనిపించాయి. అన్నేళ్లు కరువు లేనప్పుడు మన పాలేరు "ఈ ఏడూ మామూలేనండి" అన్నా సరిపోయేదే కదా! అసలు పరీక్ష 2002లో వచ్చింది. 101 పాళ్లు అన్నారు. నాట్లకి ప్రాణమైన జూలై నెలలో సగానికి సగం వాన ఎగిరిపోయింది. కాలం ముగిసేసరికి 81 దగ్గర ఆగింది. పోనీ ఎల్‌నినో ఉంటే కరువే అనుకుందామా అంటే, 1997లో అంత బలమైన ఎల్‌నినో వచ్చినా మన వాన 102 పాళ్లు పడింది. మన హిందూ సముద్రానికి కూడా సొంత పేచీలున్నాయి. ఆఫ్రికా వైపు నీరు వేడిగా, సుమత్రా వైపు చల్లగా ఉంటే మనకి కాస్త మేలు. ఈ సంగతి 1999లో గానీ శాస్త్రవేత్తలు పట్టుకోలేదు.

ఇప్పుడు పద్ధతి మారింది. సముద్రాన్నీ ఆకాశాన్నీ కలిపి పెద్ద కంప్యూటర్లలో నడిపి చూస్తారు. ఒక్కసారి నడిపి ఊరుకోరు. మొదట్లో చిన్న చిన్న తేడాలు పెట్టి మళ్లీ మళ్లీ నడుపుతారు. వాటిల్లో ఎక్కువ భాగం ఎటు పోతున్నాయో చూసి ఏప్రిల్‌లో ఒకసారి, మే నెలాఖరుకి ఇంకోసారి చెబుతారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశపు సగటు వాన 87 సెంటీమీటర్లు. నూటికి 96 నుంచి 104 పాళ్ల మధ్య పడితే దాన్ని మామూలు అంటారు, 90 కంటే కిందికి దిగితే లోటు. పేపర్లో పెద్దక్షరాల్లో వేసే ఆ ఒక్క అంకె కంటే, కింద చిన్నక్షరాల్లో వేసే అవకాశాల లెక్క నాకిష్టం. మామూలుగా లోటు ఏళ్లు నూటికి 16 వస్తాయి. ఈసారి లోటుకి అవకాశం 30 అన్నారనుకో, దాదాపు రెట్టింపయిందని అర్థం. అయినా మిగిలిన 70 అటువైపు ఉందని మర్చిపోకూడదు.

ఆ మాటతో రైతు ఏం చేసుకుంటాడంటావా? చాలా చేసుకుంటాడు. మన మార్టేరు పరిశోధన కేంద్రం వాళ్లు 1982లో ఇచ్చిన స్వర్ణ వడ్లు, అదే 7029, కోతకి రావడానికి అయిదు నెలలు పడుతుంది. వాళ్లదే 1010 రకం ఉంది. దానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టుకున్నారు, నాలుగు నెలల్లో చేతికొస్తుంది. వాన మొగ్గు లోటు వైపు ఉన్న ఏడు, కాలవ చివరి భూములున్నవాడు తక్కువ రోజుల పంట వైపు చూస్తాడు. మెట్ట రైతు కందికో పెసరకో మళ్లుతాడు. డ్యాముల మీద ఉన్నవాళ్లు తాగునీటికి ఎంత దాచాలో చూసుకుంటారు. నెల ముందు తెలిస్తేనే ఇవన్నీ కుదిరేది. విత్తనం చల్లేశాక ఎంత మంచి కబురొచ్చినా ఏం లాభం?

మాట మీద మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఆ స్వర్ణకే ఒక తమ్ముడున్నాడు, స్వర్ణ సబ్-1. ఒడిశాలోని పాత వడ్ల రకం ఒకటి నీళ్లలో మునిగినా చావదు. ఆ గుణాన్ని తెచ్చి స్వర్ణలో పెట్టారు. రెండు వారాల దాకా ముంపులో ఉన్నా, నీరు తీశాక మళ్లీ పిలకేస్తుంది. మునిగినప్పుడు మామూలు పైరు పైకి తేలాలని ఆత్రంగా సాగి, ఒంట్లో ఉన్న బలమంతా ఖర్చుపెట్టేసుకుంటుంది. ఇది సాగకుండా బిగబట్టుకుని కూర్చుంటుంది. భలే తెలివి కదూ!

సరే, ఇక పొలిమేర మనిషి దగ్గరికి పోదాం. గోదావరి నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికొస్తుంది. మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల మీద పడిన వాన దీనిలోకే దిగాలి. ఆ నేలంతటి మీదా ఒక్క సెంటీమీటరు వాన పడిందనుకోండి, అది 110 టీఎంసీల నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కొంత ఇంకిపోతుంది, కొంత చెరువుల్లో ఆగుతుంది, మిగిలింది నదిలోకొస్తుంది. జూన్‌లో నేల నెర్రెలతో ఉంటుంది కాబట్టి ఎంత పడినా తాగేస్తుంది. ఆగస్టుకి అదే నేల నానిపోయి ఉంటుంది, పడింది పడ్డట్టు జారుతుంది. వరద లెక్క కట్టేవాళ్లు ఎంత పడిందని ఊరుకోరు, నేల కడుపులో అంతకుముందే ఎంత ఉందో కూడా అడుగుతారు.

మన వరద మన మబ్బుల్లోంచి రాదర్రా. మహారాష్ట్రలో విదర్భ వైపు వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగ అని మూడు నదులున్నాయి. అవి కలిసి ప్రాణహిత అయి కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడతాయి. ఇంకాస్త కిందికొస్తే బస్తర్ అడవుల్లోంచి ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి. గోదావరి బాగా పోటు మీద ఉంటే శబరి నీళ్లకి దారి దొరకదు, వెనక్కి ఎగదన్ని చింతూరు వైపు ఊళ్లని ముంచుతుంది. ఇక్కడ మనం ఎండలో వడియాలు పెట్టుకుంటూ ఉండగానే అక్కడ వాయుగుండం పట్టి వాన దంచేస్తూ ఉండొచ్చు. ఆ నీరు నడిచి రావడానికి పట్టే వ్యవధే మనకి దొరికే వరం.

ఆ వ్యవధిని లెక్కపెట్టేది కేంద్ర జల సంఘం వాళ్లు. 1958లో ఢిల్లీ దగ్గర యమున మీద మొదలెట్టి, ఇప్పుడు దేశంలో పెద్ద నదులన్నింటి మీదా చేస్తున్నారు. ఒడ్డున మెట్ల వెంబడి కొలత గీతలు వేసిన పలకలు పాతి ఉంటాయి. వరద రోజుల్లో అక్కడి మనిషి గంటగంటకీ వెళ్లి, రాత్రయితే టార్చిలైటు వేసుకుని, నీరు ఏ గీత మీద ఉందో చూసి పైకి కబురు చేస్తాడు. అలలు కొడుతుంటాయి కాబట్టి పైకీ కిందికీ చూసి మధ్య అంకె పట్టుకోవాలి. ఇప్పుడు వంతెనలకి రాడార్ పెట్టెలు బిగించి, ఆ అంకెని ఉపగ్రహం ద్వారా పంపిస్తున్నారు. అయినా ఆ పలకలు తీసెయ్యలేదు. లంకలో మా మేనత్త ఉండేది. వరదొస్తే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి లోపలికెళ్లి అన్నం వార్చుకుని వచ్చేది. పుల్ల మునిగితే గేదెల్ని విప్పేది, నీరు పుల్లని వదిలి కిందికి జారితే మజ్జిగ చిలుక్కునేది. జల సంఘం వాళ్లది కూడా ఆ పుల్లే, కాకపోతే ఎగువన అన్ని ఊళ్లలోనూ గుచ్చారు.

ఎంత ఎత్తుందో తెలిస్తే చాలదు, ఎంత పారుతోందో కావాలి. దానికి పడవేసుకునో, తీగ మీద నుంచి దించో, నీటి వేగం కొలిచే చిన్న చక్రాన్ని ఇనుప బరువు కట్టి నీళ్లలోకి వదులుతారు. నది అడుగున నీరు నెమ్మదిగా, పైన జోరుగా పోతుంది. పైనుంచి లోతులో పదింట ఆరు వంతులు దిగినచోట కొలిస్తే ఇంచుమించు సగటు వేగం వస్తుంది. నది వెడల్పు 3,000 అడుగులు, లోతు 50 అడుగులు, నీరు సెకనుకి 8 అడుగులు నడుస్తోందనుకోండి. మూడూ గుణించు చిన్నాడా! పన్నెండు లక్షలు. అదే పన్నెండు లక్షల క్యూసెక్కులు. ఇలా ఏళ్ల తరబడి కొలిచి, ఏ ఎత్తుకి ఎంత పారుదలో పట్టిక వేసుకుని పెట్టుకుంటారు. తర్వాత ఎత్తు చూడగానే క్యూసెక్కులు చెప్పేస్తారు.

భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గరేమో 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. "అక్కడ 53 అడుగుల వరద ఇక్కడికొచ్చేసరికి 17 ఎలా అయింది, మిగతా నీళ్లేమయ్యాయి?" అని అడిగేవాళ్లున్నారు. నీళ్లెక్కడికీ పోలేదు. ఏ ఊరి కొలబద్ద సున్నా ఆ ఊరిదే. పైగా అక్కడ నది ఒడ్ల మధ్య ఇరుకుగా లేస్తుంది, పాపికొండల్లోనైతే మరీ ఇరుకు. ధవళేశ్వరం దగ్గర నాలుగు భాగాలుగా, 175 గేట్ల మీదుగా పరుచుకుని పోతుంది. ఊరూరి అడుగులు పోల్చకూడదు, క్యూసెక్కులు పోల్చాలి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక అంటే 10 లక్షలు, రెండోది 13, మూడోది 17 లక్షల క్యూసెక్కులు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మన ఇళ్లలో ముసలాళ్లు ఎవరినడిగినా గోడ మీద చెయ్యిపెట్టి ఇంతవరకూ వచ్చిందని చూపిస్తారు. 2022లో జూలైలోనే, అంటే ఇంకా పుష్యమి కార్తె రాకుండానే, భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. అది జూలై 16 నాటి మాట. ఆ పోటు మర్నాటికి ధవళేశ్వరం చేరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 25 లక్షలంటే ఎంతో మీకు అందేలా చెబుతాను. ఆ జోరున ఒక్క రోజు పారితే 216 టీఎంసీలు. శ్రీశైలం డ్యాము నిండా పట్టేది 215. అంత డ్యామునీ పొద్దున ఖాళీగా పెడితే మర్నాడు పొద్దుటికి నింపేస్తుందన్నమాట! భద్రాచలంలో పోటు గరిష్ఠానికి చేరిందని వినగానే కోనసీమలో దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ చేతిలో ఉన్నట్టు. ఆ వ్యవధిలో గేదెల్ని ఏటిగట్టు ఎక్కించొచ్చు, వడ్ల బస్తాలు అటక మీదకి చేర్చొచ్చు, గర్భిణులని ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి పంపొచ్చు, గట్టు బలహీనంగా ఉన్నచోట ఇసుక బస్తాలు వెయ్యొచ్చు.

ఇంత వ్యవధి పెద్ద నదులే ఇస్తాయి, వాగులివ్వవు. 2023లో ఎల్‌నినో ఉంది, దేశం మొత్తం మీద వాన 94 పాళ్లే. ఆగస్టు అయితే 1901 నుంచి ఉన్న లెక్కల్లోకెల్లా పొడి ఆగస్టు. అదే ఏడు జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. దేశానికి నాలుగు నెలల సగటు 87 అని చెప్పానా? అందులో ముప్పాతిక భాగం ఒక్క రోజులో ఒక్క చోట! పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లిని మోరంచ వాగు తెల్లారేసరికి ముంచేసింది. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలోనూ అంతే. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే అందరి కళ్లూ కృష్ణమ్మ మీదే ఉన్నాయి. నగరంలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు ముంచింది మాత్రం గండ్లు పడిన బుడమేరు. వాగు పక్కనుండేవాళ్లు నది హెచ్చరిక కోసం కాచుక్కూర్చోకూడదు. ఎగువన వాన దంచుతోందని తెలిసినప్పుడే మెరక మీదకి పోవాలి.

కాబట్టి అమ్మడూ, మేలో చెప్పిన మాట పట్టుకుని పడవ అమ్ముకోకూడదు. జూలైలో వరదొచ్చింది కదా అని ఈ ఏటికి నీళ్లకి కొదవలేదని కూడా అనుకోకూడదు, ఆ నీరు రెండు రోజుల్లో సముద్రంలో కలిసిపోతుంది. ఏ కబురు చెవిన పడ్డా, ఇది ఎంత నేల గురించి, ఎన్నాళ్ల గురించి అని రెండు ప్రశ్నలు వేసుకోండి. దేశం, నాలుగు నెలలు అంటే విత్తనం సంగతి చూసుకోండి. ఫలానా రేవు, రేపు సాయంత్రం, ఇన్ని అడుగులు అంటే మూటాముల్లే సర్దండి. ఇప్పుడు ఫోనులో కూడా జల సంఘం వాళ్ల ఫ్లడ్‌వాచ్ ఇండియా అనే యాప్ ఉంది, 2023లో వచ్చింది. ఏ రేవు దగ్గర నీరు ఎంతుందో, పెరుగుతోందో తగ్గుతోందో మీరే చూడొచ్చు. అందులో పసుపు కనబడితే జాగ్రత్త పడాలి, నారింజ రంగయితే సర్దుకోవాలి, ఎరుపంటే ఆ చోట ఇదివరకెన్నడూ చూడనంత వరద.

మీకు ఒక పని చెబుతాను. గోడలు నిట్టనిలువుగా ఉన్న డబ్బా ఒకటి అమ్మనడిగి తీసుకోండి, మూతి వెడల్పు అడుగు వెడల్పు ఒకటిగా ఉండాలి. చెట్టు కింద, చూరు కింద కాకుండా పెరట్లో బయలులో పెట్టి, పడిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి స్కేలు ముంచి చూసి, ఎన్ని మిల్లీమీటర్లో నోటుపుస్తకంలో తేదీ వేసి రాసి, నీళ్లు పారబోయండి. దేశమంతటా వాన కొలిచేవాళ్లు ఆ వేళకే కొలుస్తారు, మీ లెక్క వాళ్ల లెక్కతో పోల్చుకోవచ్చు. డబ్బాలో సెంటీమీటరు నీరు నిలిచిందంటే మన ఎకరం చేలో నలభై టన్నుల నీరు పడ్డట్టు. చిన్నాడా, వాన పడని రోజు బద్ధకించి వదిలెయ్యకు, సున్నా అని రాయి. సున్నాలు రాయకపోతే కరువు లెక్కకి అందదు. సెప్టెంబర్ అయ్యాక ఆ పుస్తకం నా దగ్గరికి తీసుకురండి. అన్నీ కూడితే ఈ ఏడు చేనుకి ఎంత దక్కిందో తెలుస్తుంది. అన్నింట్లోకీ పెద్ద అంకె ఏ రోజుదో వెతికితే, మన వీధి ఎందుకు మునిగిందో తెలుస్తుంది. రెండు జవాబులూ ఒకే పుస్తకంలో ఉంటాయి, వెతికే తీరే వేరు.